తాతయ్యో అమ్మమ్మో పోయాక బంధువులతో మళ్ళీ మాట కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పెద్దతరం మనిషి పోయినప్పుడు ఆ మనిషితో పాటు, ఆయన ద్వారా మాత్రమే మనకు సంగతులు తెలిసే బంధువులు కూడా మెల్లగా జారిపోతారు. మొదటి నష్టానికి అందరూ పరామర్శిస్తారు. రెండోది జరుగుతున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ రెండో నష్టం చుట్టూ తిరిగేవి. తాతయ్య అని రాసినచోట నాన్నమ్మ అనో, అమ్మమ్మ అనో ఎవరికి వారు మార్చుకుని చదువుకోండి.

ఎప్పుడూ పట్టించుకోని బంధువులు తాతయ్య పోయాక ఒక్కసారిగా గుర్తుకొస్తున్నారు. ఎందుకు?

ఆ సంబంధాలను ఇన్నాళ్ళూ మోసింది మీరు కాదు, ఆయన. ఎవరికి పెళ్ళి కుదిరింది, ఎవరికి ఒంట్లో బాగులేదు, ఎవరి పిల్లవాడు ఏం చదువుతున్నాడు అన్న సంగతులన్నీ ముందు ఆయనకు చేరేవి, ఆయన నుంచి మీకు అందేవి. మేనత్త కూతురితో మీరు నేరుగా మాట్లాడి ఏళ్ళు గడిచినా ఆమె కబుర్లు తెలుస్తూనే ఉండేవి కాబట్టి, దూరమయ్యామన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది.

కెనడా సామాజిక శాస్త్రవేత్త కారొలిన్ రోజెంతాల్ 1985లో సరిగ్గా ఈ పని మీదే పరిశోధన ప్రచురించారు. చాలా కుటుంబాల్లో బంధువులందరినీ ఒకరికొకరిని అందుబాటులో ఉంచే బాధ్యతను ఎవరో ఒకరు తలకెత్తుకుంటారనీ, ఎక్కువగా అది స్త్రీలే చేస్తారనీ, తల్లి తర్వాత కూతురికి అందినట్టు ఆ బాధ్యత చేతులు మారుతుందనీ ఆమె గమనించారు. అది పనిలా కనబడదు కాబట్టి ఎవరూ లెక్కలో వేయరు. నన్నడిగితే, పెద్దలు వదిలి వెళ్ళేవాటిలో ఎవరూ పోటీపడకుండా మూలన పడేసేది ఇదొక్కటే.

కాబట్టి మీకు గుర్తుకొస్తున్నది కేవలం బంధువులు కాదు. ఆయన చేస్తూ వచ్చిన పని ఆగిపోయిందని మీకు తెలుస్తోంది. దాన్ని మీరే పూర్తిగా భుజాన వేసుకోనక్కర లేదు. అయితే ఎవరో ఒకరు మొదటి ఫోను చేయాలి.

ఇన్నేళ్ళు పలకరించకుండా ఇప్పుడు ఫోను చేస్తే ఏమనుకుంటారు?

మీరు వాళ్ళ గురించి ఏమనుకుంటున్నారో, వాళ్ళూ మీ గురించి దాదాపు అదే అనుకుంటూ ఉంటారు: "నేను గుర్తున్నానో లేదో." ఆ సందేహం రెండువైపులా ఉన్నంతకాలం ఫోను మోగదు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు లారా ఆక్నిన్, జిలియన్ శాండ్‌స్ట్రమ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో, మాటలు తెగిపోయిన పాత స్నేహితులకు సందేశం పంపమని కొందరిని అడిగారు. పంపాలని వాళ్ళకూ ఉంది, చిరునామా ఉంది, రాయడానికి సమయం కూడా ఇచ్చారు. అయినా మూడోవంతు మంది కూడా పంపలేదు. అపరిచితుడితో మాట్లాడటానికి ఎంత జంకుతామో, పాత స్నేహితుడిని పలకరించడానికీ అంతే జంకుతామని తేలింది. ఆ జంకును తగ్గించిన ఉపాయం కూడా అందులోనే ఉంది. ముందుగా, ఇప్పుడు తరచూ మాట్లాడే మనుషులకు కొన్ని నిమిషాలపాటు సందేశాలు పంపమన్నారు. ఆ తర్వాత పాతవాళ్ళకు పంపినవారు సగానికి మించారు. ఆ పరిశోధన స్నేహితుల గురించే అయినా, బంధువుల విషయంలోనూ ఈ చిట్కా ప్రయత్నించడంలో తప్పులేదు. అక్కకో, దగ్గరి మిత్రుడికో నాలుగు మాటలు రాసి, ఆ ఊపులోనే పెదనాన్న కొడుక్కి రాయండి.

పైగా మీ దగ్గర ఇప్పుడొక కారణం ఉంది. మామూలు రోజుల్లో హఠాత్తుగా ఫోను చేస్తే "ఏమైనా పని పడిందా?" అన్న అనుమానం వస్తుంది. మరణం తర్వాత చేసే పలకరింపుకు ఆ అనుమానం అంటదు. కొన్ని నెలలు గడిస్తే ఈ వెసులుబాటు ఉండదు.

మొదటి సందేశంలో ఏం రాయాలి?

పొట్టిగా రాయండి. పోయిన మనిషి పేరో వరసో అందులో ఉండాలి. ఇద్దరికీ తెలిసిన ఒక్క జ్ఞాపకం ఉండాలి. జవాబు ఇవ్వక తప్పదన్న బరువు మాత్రం ఉండకూడదు. ఉదాహరణకు:

"వదినా, నేను చిన్నబాబాయి వాళ్ళ అమ్మాయిని. నాన్నమ్మ పోయినప్పటి నుంచి మీరు పదేపదే గుర్తుకొస్తున్నారు. సెలవుల్లో మనిద్దరికీ ఆవిడ ఒకేసారి జడలు వేస్తూ కథ చెప్పేది కదా. వీలైనప్పుడు మాట్లాడదాం. తొందరేమీ లేదు."

మీరెవరో మొదటి వాక్యంలోనే చెప్పడం అవమానమేమీ కాదు. నంబర్లు మారతాయి, ఫోటోల్లో ముఖాలు మారతాయి, అవతలివారు గుర్తుపట్టలేక ఇబ్బంది పడటం కన్నా ఇది నయం. "ఇన్నాళ్ళు మాట్లాడనందుకు క్షమించండి" అని పేరా నిండా రాయకండి. అలా రాస్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా వాళ్ళ మీదే పడుతుంది. "చాలాకాలమైంది" అన్న ఒక్క మాట చాలు. అలాగే మొదటి సందేశంలోనే ఎవరి వాటా ఎంత, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు వంటివి ఎత్తకండి.

సందేశమా, ఫోనా అన్నది మరో సందేహం. పరిశోధకులు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫోనులో మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుందని ముందుగా భయపడినవాళ్ళు, మాట్లాడిన తర్వాత రాతలో కన్నా గొంతుతోనే ఎక్కువ దగ్గరైనట్టు చెప్పారు. ఊహించినంత ఇబ్బంది కూడా కలగలేదట. అందుకే నా సలహా: ముందు సందేశం పంపి, సమయం అడిగి, ఆ తర్వాత ఫోను చేయండి. వయసు మళ్ళినవారికైతే సందేశం అక్కర్లేదు, నేరుగా ఫోనే చేయండి.

నేనే దుఃఖంలో ఉన్నాను. ఎవరు ఎవరిని ఓదార్చాలి?

దీనికి అమెరికాలో సూసన్ సిల్క్ అనే మనస్తత్వవేత్త, బారీ గోల్డ్‌మన్ అనే మధ్యవర్తి కలిసి 2013లో ఒక వార్తాపత్రికలో రాసిన పద్ధతి చాలా పనికొస్తుంది. నష్టం అందరికన్నా ఎక్కువ తగిలిన మనిషిని మధ్యలో పెట్టి, చుట్టూ వలయాలు గీయండి. తాతయ్య పోతే మధ్యలో నాన్నమ్మ, ఆ చుట్టూ వాళ్ళ పిల్లలు, ఆ తర్వాతి వలయంలో మనవలు, ఆపైన మిగిలిన బంధువులు. లోపలివైపు ఉన్నవారికి ఓదార్పు మాత్రమే వెళ్ళాలి. మన ఏడుపు, విసుగు, ఫిర్యాదులు బయటివైపు ఉన్నవారికి చెప్పుకోవాలి.

అంటే మేనత్తతో మాట్లాడేటప్పుడు ఆమె తండ్రిని పోగొట్టుకున్న కూతురన్న సంగతి ముందు గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిలో సరిగా చూసుకోలేదేమోనన్న మీ అనుమానాన్ని ఆమె ముందు పెట్టకూడదు. ఆమె పిల్లలు మీ వలయంలోనే ఉన్నారు, వాళ్ళతో మీరు సమానంగా ఏడవవచ్చు. ఇన్నేళ్ళ తర్వాత కలిసే అన్నాచెల్లెళ్ళ వరసవాళ్ళు ఇంత త్వరగా దగ్గరవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఎవరూ ఎవరికీ ధైర్యం నటించనక్కర లేదు.

వలయాలు గీసినంత తేలిగ్గా మనుషులు సర్దుకోరు. తాతయ్య పెంచిన మనవడు ఆయన కొడుకు కన్నా లోపల ఉండవచ్చు.

తల్లిదండ్రులు కాదు కదా, తాతయ్యే కదా అంటున్నారు. ఇంత బాధపడటం ఎక్కువేనా?

కాదు. చుట్టూ ఉన్నవారు గుర్తించని, పరామర్శించని దుఃఖాన్ని ప్రత్యేకంగా పరిశీలించిన కెనెత్ డోకా 1989లో దాని మీద ఒక సంకలనం వెలువరించారు. సంబంధానికి గుర్తింపు లేకపోతే దుఃఖానికీ చోటు దొరకదన్నది ఆయన చెప్పినదాని సారం. మనవల దుఃఖం చాలాసార్లు ఈ కోవలోకే వస్తుంది. "నిండు వయసు, మంచి చావు" అని ఓదార్చేవాళ్ళ ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు, కానీ ఆ మాటతో మీ నోరు మూతపడుతుంది. వయసు ఎంతన్నది చావుకు కారణం చెబుతుంది గానీ లోటు ఎంతో చెప్పదు. ఈ మాట మీరు విడమరిచి చెప్పకుండానే అర్థమయ్యే మనుషులు మిగతా మనవలే, అందుకైనా వాళ్ళను వెతకండి.

నాకు అసలు ఏడుపే రాలేదు. అంత్యక్రియల రోజు పిన్ని పిల్లలతో కలిసి నవ్వాను కూడా. నాలో ఏదైనా లోపమా?

లేదు. దుఃఖం వరుసగా ఐదు మెట్లు ఎక్కి దిగుతుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ ఐదు దశలను రాసింది మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి, వాళ్ళ గురించి. ఆప్తులను పోగొట్టుకున్నవారికి దాన్ని అన్వయించడం తర్వాత జరిగింది. నిజంగా మనుషులు ప్రవర్తించే తీరుకు పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన నమూనా మరింత దగ్గరగా ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు నష్టం వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు ఊగుతూ ఉంటాడని, ఆ ఊగిసలాటే ఆరోగ్యమని వాళ్ళు అన్నారు.

ఏళ్ళ తర్వాత ఒకచోట చేరిన మనవలు తాతయ్య గురకను అనుకరించి నవ్వుకోవడం ఈ ఊగిసలాటే. పెద్దవాళ్ళు కళ్ళెర్రజేస్తే పక్కగదిలోకి వెళ్ళండి, నవ్వడం మానకండి.

నాన్నకూ పెదనాన్నకూ ఇరవై ఏళ్ళుగా మాటల్లేవు. పెదనాన్న పిల్లలతో మేము మాట్లాడవచ్చా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మాట్లాడవచ్చు. మీరు పెద్దవాళ్ళయ్యారు, ఆ గొడవలో మీకు వాటా లేదు. చాలాసార్లు ఆ గొడవేమిటో కూడా మీకు సగమే తెలుసు, అదీ ఒకవైపు సగం. అయితే దొంగచాటుగా మాట్లాడకండి. "నాన్నా, నేను అన్నయ్యతో మాట్లాడుతున్నాను. మిమ్మల్ని మాట్లాడమని అడగను, మీ సంగతులు అటు మోయను" అని ముందుగానే చెప్పేయండి. ఆయనకు కోపం రావచ్చు. కానీ మూడోమనిషి ద్వారా తెలిస్తే వచ్చే కోపం వేరు, అది మోసపోయానన్న కోపం. చెప్పిన మాట నిలబెట్టుకోవడం ఇంకా ముఖ్యం. ఒక్కసారి అక్కడి మాట ఇక్కడ చెప్పారంటే, రెండు ఇళ్ళలోనూ మీరు గూఢచారి అయిపోతారు.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు ఎవరిది తప్పన్న విచారణలోకి దిగకండి. దిగాలని ఇద్దరికీ నోరు దురదపెడుతుంది. "మా ఇంట్లో ఇలా చెప్పారు, మీ ఇంట్లో ఎలా చెప్పారు?" అన్న ప్రశ్న కుతూహలంగానే మొదలవుతుంది గానీ, పది నిమిషాల్లో ఇద్దరూ తమ తమ తండ్రుల తరఫు వకీళ్ళవుతారు. బంధం కాస్త గట్టిపడ్డాక, ఏడాదికో రెండేళ్ళకో, అడగాలనిపిస్తే అప్పుడు అడగండి.

ఇక పెద్దవాళ్ళను కలిపే ప్రయత్నం సంగతి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్త కార్ల్ పిలెమర్ అమెరికాలో జరిపి 2020లో వెల్లడించిన సర్వేలో, నూటికి 27 మంది ఎవరో ఒక బంధువుతో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నట్టు తేలింది. కాబట్టి మీ ఇల్లు వింత ఇల్లేమీ కాదు. మళ్ళీ కలిసినవారితోనూ ఆయన విడిగా మాట్లాడారు. వాళ్ళలో చాలామంది చేసింది ఏమిటంటే, జరిగినదాని గురించి అవతలివారు తమ వాదనను ఒప్పుకోవాలన్న పట్టుదలను వదులుకోవడం. క్షమాపణ దొరికాక కలిసినవారు తక్కువ. పాత లెక్క తేలకుండానే కొత్తగా మొదలుపెట్టినవారే ఎక్కువ.

నా ఉద్దేశంలో, శవం ఇంట్లో ఉండగా అన్నదమ్ములిద్దరినీ ఒకరి చేతిలో మరొకరి చెయ్యి పెట్టి కలపబోవడం మంచిది కాదు. చుట్టూ ఉన్నవాళ్ళకు కన్నీళ్ళు వస్తాయి, ఆ ఇద్దరికి మాత్రం బలవంతం మిగులుతుంది. అందరూ చూస్తుండగా కాదనలేక పట్టుకున్న చెయ్యి వారం తిరగకముందే జారిపోతుంది. అంతకన్నా, ఒకే గదిలో ఇద్దరూ ఒక పని చేసే అవకాశం కల్పించండి. తండ్రి కాగితాలు సర్దాలి, ఫోటో ఎంపిక చేయాలి, ఎవరెవరికి కబురు పంపాలో జాబితా రాయాలి. ఆ పని గురించే మాట్లాడుకుంటారు. మొదటి మాటలకు అంతకన్నా గొప్ప విషయం అక్కర్లేదు.

ఆస్తి మాటలు మొదలైతే?

డబ్బు, భూమి, ఇల్లు వంటివి రాతకోతల్లో, అవసరమైతే న్యాయవాది సమక్షంలో తేల్చుకునేవి. పరామర్శకు వచ్చిన చోట గాని, కుటుంబ గ్రూపులో గాని వాటిని ఎత్తకండి. ఎవరైనా ఎత్తితే "దీనికి విడిగా కూర్చుందాం" అని తేదీ అడగండి. తేదీ పడితే సగం వేడి తగ్గుతుంది.

విచిత్రమేమిటంటే చాలా ఇళ్ళలో మనసులు విరిగేది వాటి దగ్గర కాదు, కళ్ళజోడు దగ్గర, చేతి గడియారం దగ్గర, రోజూ కూర్చునే కుర్చీ దగ్గర. వాటికి దస్తావేజులుండవు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం ఇలాంటి వస్తువుల పంపకం మీదే కుటుంబాలకు పాఠాలు చెబుతుంది. వాటిలో నాకు నచ్చిన మాట: సమానంగా పంచడమే న్యాయం కానక్కర లేదు. ఏ వస్తువు ఎవరికి ఎందుకు కావాలో ముందు అందరూ చెప్పనివ్వండి. కారణాలు వింటే కొందరు తమంతట తామే వెనక్కి తగ్గుతారు. దూరంగా ఉండి రాలేకపోయిన బంధువుకు ఏదో ఒక చిన్న వస్తువు తీసి పక్కన పెట్టండి. అడగకముందే పక్కన పెట్టిన ఆ వస్తువు గురించి మీరు చెప్పే ఫోను, మళ్ళీ మాట కలపడానికి చక్కటి సాకు.

బంధువుల్లో ఒకరు చిన్నప్పుడు నాకు హాని చేశారు. అందరూ ఒకటవ్వాలంటే ఆ మనిషినీ కలవాలా?

అక్కర్లేదు. మరణం ఎవరి తప్పునూ కడగదు. కలవకుండానే మిగతావారితో సంబంధం పెట్టుకోవచ్చు, ఆ మనిషి వచ్చే సమయానికి కాకుండా మరో రోజు వెళ్ళవచ్చు, కారణం ఎవరికీ చెప్పకపోవచ్చు. "పోయినవారి ఆత్మశాంతి కోసం" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే, ఆ ఒత్తిడికి తలవంచనక్కర లేదు. మీరు నమ్మే ఒక్క బంధువుకు విషయం తెలిసి ఉంటే అలాంటి రోజుల్లో అండగా ఉంటారు.

పలకరింపులయ్యాక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలట్లేదు. ఏం మాట్లాడాలి?

పోయిన మనిషి గురించే. ఒకే తాతయ్యకు పదిమంది మనవలుంటే పదిమంది దగ్గరా వేరువేరు తాతయ్యలుంటారు. పెద్ద మనవడికి కోపిష్ఠి, చిన్న మనవరాలికి గుర్రమై వంగిన మనిషి. మీ దగ్గరున్నది ఒక్క ముక్కే. మిగతా ముక్కల కోసమైనా వాళ్ళతో మాట్లాడాలి.

"ఆయన గురించి చెప్పండి" అని అడిగితే "చాలా మంచివారు" అన్న జవాబు వస్తుంది. చిన్న ప్రశ్నలు అడగండి. ఆయనకు దేనికి కోపమొచ్చేది? మొదటి జీతంతో ఏం కొన్నారు? ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎందుకు? చదువు ఎందుకు ఆపేశారు? ఏ పాట కూనిరాగం తీసేవారు? మనుషులకు పది నుంచి ముప్పై ఏళ్ళ వయసు మధ్య జరిగినవి మిగతా కాలం కన్నా ఎక్కువ గుర్తుంటాయని జ్ఞాపకశక్తి పరిశోధకులు పదేపదే గమనించారు. కాబట్టి తాతయ్య తమ్ముడో చెల్లెలో ఇంకా ఉంటే, వాళ్ళను ఆ వయసు గురించి అడగండి. నిన్నటి మాట గుర్తులేనివారు కూడా అరవై ఏళ్ళ కిందటి వీధిని ఇల్లిల్లూ చెప్పగలరు.

ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ 2001 ప్రాంతంలో కుటుంబ చరిత్ర మీద 20 ప్రశ్నలు తయారుచేసి పిల్లలను అడిగారు: మీ అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, మీ తాతయ్య ఎక్కడ పెరిగారో తెలుసా వంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతుల్లో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. దీన్ని మందులా వాడి పిల్లలకు వంశచరిత్ర వల్లె వేయించమని కాదు. జవాబులు తెలియడమంటే, ఇంట్లో ఎవరో కూర్చోబెట్టి చెప్పారని. ఆ కూర్చోబెట్టడమే అసలు సంగతి అని ఆ పరిశోధకులే అన్నారు.

కథలు ఒకదానికొకటి పొసగకపోతే కంగారుపడకండి. అత్తయ్య చెప్పిన సంవత్సరం, బాబాయి చెప్పిన సంవత్సరం వేరైతే రెండూ రాసుకోండి. ఎవరిది నిజమో తేల్చబోతే ఇద్దరూ చెప్పడం మానేస్తారు. పోయిన మనిషికి అంత గొప్పగా లేని కోణాలు కూడా బయటపడతాయి. నాన్నమ్మను ఏడిపించిన తాతయ్య, ఒక కొడుకును తక్కువ చేసిన తాతయ్య. వినడానికి కష్టమే. కానీ చెబుతున్న మనిషి మిమ్మల్ని నమ్మి చెబుతున్నారు, అప్పుడు తాతయ్యను వెనకేసుకు రాకండి.

ఆయన గొంతు, ఫోటోలు అందరికీ చేరేలా దాచడం ఎలా?

ముందు ఆలస్యమైతే పోయేవాటిని చూడండి. ఆయన ఫోను నంబరును వెంటనే రద్దు చేయించకండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకపోతే సాధారణంగా తొలగిపోతుంది. రెండేళ్ళు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, అందులో ఉన్న ఫోటోలతో సహా. మీ ఫోనులో ఆయన పంపిన గొంతు సందేశాలుంటే ఈరోజే మరోచోట భద్రపరచండి, ఫోను మార్చినప్పుడు మొట్టమొదట పోయేవి అవే.

పాత ఫోటోలను స్కాన్ చేసేటప్పుడు చిన్న ఫోటోలకు 600 డీపీఐ (బొమ్మ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే కొలత) పెట్టండి. జిగురు పేజీల ఆల్బముల్లో ఫోటోలు ఊడిరాకపోతే లాగకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. వెనుక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలుతో అంచున రాయండి, బాల్‌పెన్ అచ్చు ముందువైపుకు దిగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పేర్లు చెప్పగలిగినవారు ఉండగానే రాయడం. ఎవరో తెలియని ఫోటో ఒకటి తీసి "ఇందులో ఎడమవైపు ఎవరు?" అని దూరపు బంధువుకు పంపి చూడండి. ఏళ్ళుగా పలకనివారు కూడా దానికి జవాబిస్తారు.

కుటుంబ వాట్సాప్ గ్రూపు పెడితే చాలదా?

కబుర్లు చేరవేయడానికి చాలు. దగ్గరవడానికి చాలదు. నలభై మంది ఉన్నచోట అందరూ దండం గుర్తులే పెడతారు, ఎవరూ మనసులో మాట చెప్పరు. గ్రూపు ఉండనివ్వండి, అందులో రాజకీయాలు పంపే మామయ్యను భరించండి, కానీ అసలు మాటలు ఒకరితో ఒకరుగా విడిగా జరగాలి.

నేను అంత్యక్రియలకు వెళ్ళలేకపోయాను. ఇప్పుడు ముఖం చెల్లడం లేదు.

ఎందుకు రాలేకపోయారో ఒక్క వాక్యంలో నిజం చెప్పండి. సెలవు దొరకలేదా, డబ్బు లేదా, ధైర్యం చాలలేదా, ఏదైతే అది. సాకులు పొడవైతే అబద్ధంలా వినబడతాయి. ఆ తర్వాత, రద్దీ తగ్గాక వెళ్ళండి. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయిన మూడో నెలలోనో నాలుగో నెలలోనో వచ్చిన మనిషిని నాన్నమ్మ గుర్తుపెట్టుకుంటుంది. ఆ రోజు జనంలో మీరు నిజంగా వచ్చి ఉన్నా ఆవిడకు జ్ఞాపకం ఉండేది కాదేమో.

కొత్తలో రోజూ మాట్లాడుకున్నాం. రెండు నెలలకే చల్లబడింది. మళ్ళీ మొదటికి వచ్చామా?

రాలేదు. దుఃఖం వేడిలో పుట్టిన ఆ వేగం ఎవరికీ నిలవదు, నిలవాలని పట్టుబడితే అలసట వస్తుంది. బ్రిటన్‌లో సామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ అనే పరిశోధకులు పాఠశాల చదువు ముగించుకుని వేరే చోట్లకు వెళ్ళిన యువతను 18 నెలలపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. కలవడం, మాట్లాడటం తగ్గితే స్నేహితుల మధ్య దగ్గరితనం త్వరగా పడిపోయింది, బంధువుల మధ్య మాత్రం అంతగా తగ్గలేదు. కాబట్టి బంధువుతో మూడు నెలలకొకసారి మాట్లాడినా అది బంధమే.

అయితే ఆ మూడు నెలల ఫోను ఎవరు చేస్తారన్నది గాలికి వదలకండి. తాతయ్య ఒక్కరే చేసిన పనిని నలుగురు పంచుకోండి. ఒకరు పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటారు, ఒకరు ఫోటోలు చూస్తారు, ఒకరు ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళకు ఫోను చేస్తారు, ఒకరు ఏడాదికోసారి అందరూ కలిసే రోజు చూస్తారు. ఆడపిల్లల మీదకే అన్నీ తోసేయకండి, ఇళ్ళలో ఇది ఎంత సులువుగా జరిగిపోతుందో చెప్పనక్కర లేదు. వర్ధంతి రోజు దగ్గరపడినప్పుడు అందరి మనసులూ మళ్ళీ బరువెక్కుతాయి. ఆ వారంలో ఎవరికి ఫోను చేసినా ఎందుకని అడగరు.

ఎంతకాలం దాటితే వైద్యుల సాయం తీసుకోవాలి?

ఎక్కువమంది దుఃఖం సాయం లేకుండానే మెల్లగా సర్దుకుంటుంది. కానీ నెలలు గడిచినా దాదాపు ప్రతిరోజూ పోయినవారి కోసం తపన తగ్గకపోతే, ఆ మరణాన్ని నమ్మలేకపోతుంటే, పని, నిద్ర, తిండి దెబ్బతింటుంటే మానసిక వైద్యులను కలవండి. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ దీర్ఘకాలిక దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చి, కనీస గడువు ఆరు నెలలని పెట్టింది. అదే ఏడాది అమెరికా మనోవైద్యుల సంఘం పెద్దవాళ్ళ విషయంలో దాన్ని ఏడాదిగా పేర్కొంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం ఏ గడువూ చూడకండి, వెంటనే దగ్గరి మనిషికి చెప్పి వైద్యుల దగ్గరకు వెళ్ళండి. మళ్ళీ దగ్గరైన బంధువుల్లో ఎవరైనా ఇలా కనబడితే, "ధైర్యంగా ఉండు" అనకుండా వెంట తీసుకువెళ్ళండి.

సందేశం పంపాను. నెలైనా జవాబు లేదు.

నంబరు సరైనదో కాదో మరో బంధువును అడిగి చూసుకోండి. సరైనదే అయితే వర్ధంతికో, వాళ్ళింట్లో ఏదైనా శుభం జరిగినప్పుడో ఇంకొక్కసారి రాయండి, మొదటి సందేశం ప్రస్తావన లేకుండా. రెండోదానికీ పలకకపోతే ఆగిపోండి. వాళ్ళకు తాతయ్యతో ఉన్న లెక్కలు మీకు తెలియకపోవచ్చు, మీ పలకరింపు ఆయన తరఫు పలకరింపులా వినిపించి ఉండవచ్చు. ఎందుకు పలకలేదో ఇతరుల ద్వారా ఆరా తీయకండి, ఆ ఆరా తప్పకుండా వాళ్ళ చెవిన పడుతుంది. మీ నంబరు మారినప్పుడు మాత్రం కొత్త నంబరు పంపండి.